నాయనమ్మ ఏం పని చేస్తుంది?

ప్రతి ఏడాది జూన్‌లో బడులు తెరవగానే మనమందరం హాస్టల్ దరఖాస్తు ఫారం నింపుతాం. పేరు, ఊరు, మండలం, కులం, ఆదాయం, తండ్రి వృత్తి అన్నీ గబగబా రాసేస్తాం. తండ్రి వృత్తి దగ్గర 'కూలీ' అనో 'వ్యవసాయం' అనో పడుతుంది. తల్లి వృత్తి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఒక్క క్షణం ఆగుతుంది. కొందరం 'గృహిణి' అని రాస్తాం. కొందరం అడ్డగీత గీసి వదిలేస్తాం. మాలో చాలామంది అమ్మానాన్నలు చెరకు నరకడానికో, పట్నంలో మట్టిపనికో వలస పోయినవాళ్ళు. అలాంటివాళ్ళకు సంరక్షకురాలు నాయనమ్మే. ఆమె వృత్తి దగ్గర మేము రాసిన మాట ఒక్కటే: 'ఏమీ లేదు'.

ఈ వార్షికోత్సవ సంచికకు ఏం రాద్దామని కూర్చున్నప్పుడు ఆ రెండు మాటలు మా ముందుకు వచ్చాయి. నిజంగా ఏమీ లేదా? మనం పుట్టినప్పటి నుంచి నాయనమ్మ ఊరికే కూర్చోగా చూసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఒకరినొకరం అడిగి చూసుకున్నాం. ఎవరూ చేయెత్తలేదు. ఇంకో ప్రశ్న కూడా అడిగాం. నాయనమ్మ పేరేమిటి? మాలో కొందరికి అదీ తెలియదు. ఊళ్ళో ఆమెను ఫలానావాడి తల్లి అంటారు, ఫలానావాడి పెండ్లాం అంటారు. రేషన్ కార్డు తీసి చూస్తే తప్ప ఆమెకు సొంత పేరు ఒకటి ఉందన్న సంగతి మనకు గుర్తుకు రాదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాం. ఇందులో ఎవరినో తప్పుపట్టడం కంటే మమ్మల్ని మేము తప్పుపట్టుకోవడమే ఎక్కువ.

ఒక ఆదివారం జరిగిన సంగతి

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. నిరుడు చలికాలంలో ఒక ఆదివారం మాలో ఒకడి నాయనమ్మ హాస్టల్‌కు వచ్చింది. బస్సులో జీరో టికెట్టు మీద వచ్చి, స్టాండు నుంచి నడుచుకుంటూ గేటు దాకా వచ్చింది. కాళ్ళకు చెప్పులు లేవు. చేతిలో మూట. మూటలో జొన్నరొట్టెలు, పల్లికారం, వేయించిన శనగలు. గేటు దగ్గర కొత్తగా చేరిన స్నేహితుడు ఒకడు "ఎవర్రా ఆమె?" అని అడిగాడు. మనవడు "మా ఊరామె" అన్నాడు.

ఆ మాట ఆమెకు వినబడింది. ఏమీ అనలేదు. మూట చేతికిచ్చి, "మంచిగ సదువుకో బిడ్డా" అని తల నిమిరి వెనక్కి తిరిగింది. ఆ రొట్టెలు రాత్రి మేమందరం పంచుకుని తిన్నాం. తెచ్చినామె మనవడు మాత్రం తినలేకపోయాడు. ఆ పిల్లవాడు ఎవరో ఇక్కడ రాయడం లేదు. ఆ మాట మాలో ఎవరైనా అనగలిగిందే. ఇన్‌షర్టు వేసుకుని, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చుకోగానే మట్టి అంటిన పాదాలు మనకు నామోషీ అవుతున్నాయి. ఆ పాదాలు నడిస్తేనే మనం ఇంత దూరం వచ్చామని మరిచిపోతున్నాం.

ఒక్కరోజు లెక్క

దసరా సెలవులకు ఊరికి వెళ్ళేటప్పుడు మేము ఒక పని పెట్టుకున్నాం. ఒక్కరోజు, తెల్లారినప్పటి నుంచి పడుకునేదాకా, నాయనమ్మ వెంట ఉండి ఆమె ఏం చేస్తే అది నోటుబుక్కులో రాయాలి. జహీరాబాద్ వైపు పల్లె నుంచి వచ్చిన మా మిత్రుడి నోటుబుక్కు ఇప్పుడు మా ముందు ఉంది.

కోడి కూయకముందే లేచింది. వాకిలి ఊడ్చి సాన్పి చల్లింది. బోళ్ళు తోమింది. నల్లా వచ్చేది అరగంటే కాబట్టి బిందెలు వరుసపెట్టి నింపింది. కొట్టం ఊడ్చి పేడ ఎత్తింది. పొయ్యి అంటించింది. గ్యాసు సిలిండరు ఇంట్లో ఉంది, కానీ అది చుట్టాలు వచ్చినప్పటికి దాచి, రోజువారీ వంట కట్టెల మీదే చేస్తుంది. జొన్నపిండిలో వేడినీళ్ళు పోసి పిసికి రొట్టెలు కొట్టింది. కూలికి పోయేవాళ్ళకు సద్ది కట్టింది. చిన్న మనవరాలికి జడ వేసి అంగన్‌వాడీకి పంపింది. మేకలను తోలుకుపోయింది. వచ్చేటప్పుడు ఉత్త చేతులతో రాలేదు, నెత్తిన కట్టెలమోపు పెట్టుకుని వచ్చింది. మధ్యాహ్నం ఎండలో కందులు ఆరబోసి, చేటతో చెరిగి, రాళ్ళు ఏరింది. పక్కింటి బాలింతకు కాపడం పెట్టి వచ్చింది. సాయంత్రం మళ్ళీ ఊడ్పు, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ పొయ్యి. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తిన్నది. అందరూ పడుకున్నాక పడుకుంది.

మా మిత్రుడు పనులకు నంబర్లు వేసుకుంటూ పోయాడు. పొద్దు గూకేసరికి నంబరు ముప్పై దాటింది. తర్వాత వేయడం మానేశాడు. పడుకునే ముందు "నాయనమ్మా, నువ్వేం పని చేస్తవు?" అని అడిగాడు. ఆమె నవ్వి, "నేనేం పని జేస్త బిడ్డా? ముసలిదాన్ని, ఇంట్ల కూసుంట" అన్నది.

మమ్మల్ని ఎక్కువగా బాధపెట్టింది ఈ జవాబే. ఆమె పని చూడటం మనం మానేశాం. చివరికి ఆమె కూడా మానేసింది.

ప్రభుత్వం లెక్క, కోర్టు లెక్క

ఇది ఒక్క మా ఇళ్ళ ముచ్చట కాదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం దేశమంతటా ఎవరి సమయం దేనికి పోతుందో సర్వే చేసింది. ఇంటివాళ్ళ కోసం జీతం లేకుండా చేసే పనుల్లో పాల్గొన్న ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు వాటికి ఇస్తున్నారు. అంటే దాదాపు ఐదు గంటలు. మగవాళ్ళలో ఇలాంటి పని ముట్టుకునేదే వందకు 26 మంది. ముట్టుకున్నవాళ్ళు కూడా 97 నిమిషాల దగ్గర ఆపేస్తున్నారు.

అయినా జనాభా లెక్కల్లో ఇంటి పని మాత్రమే చేసే ఆడమనిషిని 'పని చేయనివారు' అనే వరుసలో వేస్తూ వచ్చారు. 2010లో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా తప్పుపట్టింది. ఇల్లు నడిపే ఆడవాళ్ళను బిచ్చగాళ్ళతో, ఖైదీలతో కలిపి ఒకే గాటన కట్టడం ఏమి న్యాయమని అడిగింది. 2021 జనవరిలో మరో కేసులో, కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ ఇదే సంగతి మీద విడిగా తీర్పు రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటి పనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్ళు దాదాపు 16 కోట్ల మంది అని, మగవాళ్ళు 58 లక్షలకు మించరని అందులో గుర్తుచేశారు. ఇంటి పనికి విలువ కట్టడం ఆ శ్రమను గుర్తించడమేనని ఆ తీర్పు సారాంశం.

అయితే ముసలివాళ్ళ సంగతి ఏమిటి? 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో చనిపోయినవాళ్ళ పరిహారం కేసు 2001లో సుప్రీంకోర్టులో తేలింది. ఇల్లాళ్ళ సేవలకు కోర్టు నెలకు 3,000 రూపాయల విలువ కట్టింది. 62 నుంచి 72 ఏళ్ళ వృద్ధ స్త్రీలకు మాత్రం ఏడాదికి 20,000. రోజుకు లెక్కేస్తే 55 రూపాయలు కూడా పడదు. అది కూడా కింది లెక్క కంటే పెంచి ఇచ్చినదే. వయసు మీద పడ్డ కొద్దీ పని తగ్గుతుందని కోర్టు అనుకుని ఉండవచ్చు. మా పల్లెల్లో మేము చూసేది వేరు. కోడలు కూలికి పోతుంది, కొడుకు వలస పోతాడు. వాళ్ళ పని కూడా ముసలామె నెత్తిన పడుతుంది. వయసు పెరిగిన కొద్దీ తగ్గేది ఆమె పని కాదు, ఆమె తిండి.

ఇంకొక మాట. ఈ విలువలన్నీ ఆమె చనిపోయాక కట్టినవే. బతికి ఉన్నన్నాళ్ళు ఆమె పని ఎవరి లెక్కలోకీ రాదు. ప్రాణం పోయాక మాత్రం కోర్టులో దానికి ధర పలుకుతుంది. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

కొందరు పెద్దలు "ఇంటి పని ప్రేమతో చేసేది, దానికి లెక్క కట్టకూడదు" అంటారు. ప్రేమ ఉన్నమాట నిజమే. కానీ ప్రేమ ఉన్నచోట పని పంచుకోవడం కూడా ఉండాలి కదా? ఒకరే చేస్తూ, మిగిలినవాళ్ళు తింటూ ఉంటే అది ఎవరి ప్రేమ? ఇంకో సంగతి కూడా మరవకూడదు. మన నాయనమ్మలు ఏనాడూ ఉత్త ఇల్లాళ్ళుగా బతకలేదు. పొద్దంతా పెద్దోళ్ళ చేలల్లో నాట్లు, కలుపులు, కోతలు. పొద్దు గూకినాక ఇంటి చాకిరీ. 'గృహిణి' అన్న గౌరవమైన పేరు కూడా వాళ్ళకు మొన్న మొన్న మనం ఫారాల్లో రాసిందే.

విత్తనం దాచిన చేయి

ఆమెకు చదువు లేదు. 1961 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో వంద మంది ఆడవాళ్ళలో చదువు వచ్చినవాళ్ళు సుమారు పన్నెండు మంది. దళితవాడల్లో అంతకంటే తక్కువే. మన నాయనమ్మలు బడి ఈడులో పశువులు కాశారు. కానీ చదువు లేదంటే తెలివి లేదని కాదు.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళ సంగతి మనలో చాలామందికి తెలుసు. వాళ్ళలో ఎక్కువమంది దళిత స్త్రీలు, వేలిముద్ర వేసేవాళ్ళు. జొన్న, కొర్ర, సామ, కంది, అవిసె లాంటి పాత పంటల విత్తనాలు కనుమరుగు కాకుండా కాపాడినవాళ్ళు వాళ్ళే. ఎండబెట్టి, బూడిద కలిపి, వేపాకు వేసి, బుట్టలో పోసి, పైన మట్టితో మెత్తి దాచడం వాళ్ళ అమ్మల దగ్గర నేర్చిన విద్య. 2008లో మాచ్నూరులో సంఘం రేడియో మొదలుపెట్టి తమ గొంతుతో తామే మాట్లాడారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వాళ్ళకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది.

మన ఇంట్లో మూలకు ఉన్న విత్తనాల బుట్ట కూడా అదే విద్య. తేడా ఏమిటంటే అక్కడ పదిమంది కూడి దానికి పేరు పెట్టుకున్నారు. మన ఇంట్లో దానికి పేరు లేదు. నాయనమ్మ పోయిన మరుసటి ఏడు విత్తనం కోసం మనం దుకాణం ముందు వరుసలో నిలబడతాం. అప్పుడు తెలుస్తుంది ఆమె ఏం పని చేసేదో.

అంతెందుకు, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం మొదలుపెట్టింది పల్లెటూరి ఆడవాళ్ళే. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ తమ బతుకుల గురించి మాట్లాడుకున్నారు. 1993 అక్టోబరు నుంచి ప్రభుత్వం సారాను నిషేధించవలసి వచ్చింది. వంటింట్లో ఉన్నవాళ్ళకు లోకం తెలియదనేవాళ్ళు ఈ చరిత్ర ఒకసారి చదవాలి.

పట్టా మీద లేని పేరు

పని సంగతి అయింది. ఇప్పుడు భూమి సంగతి. మన తాతలకు ఎకరమో, రెండెకరాలో అసైన్డ్ భూమి వచ్చింది. రాళ్ళు ఏరి, తుప్పలు కొట్టి దాన్ని చేను చేసిన చేతుల్లో సగం నాయనమ్మవి. పట్టా మాత్రం తాత పేరున ఉంటుంది. తాత పోయాక విరాసత్ చేయించేటప్పుడు ఏమవుతుంది? "ముసలామె ఇంక ఎన్నాళ్ళుంటది? మళ్ళీ మార్పించుడు ఎందుకు?" అని కొడుకుల పేర్ల మీద రాయిస్తారు. ఆమె చేత వేలిముద్ర వేయిస్తారు. దేని మీద వేసిందో ఆమెకు చెప్పేవాళ్ళు ఉండరు.

మనం గోడ మీద బాబాసాహెబ్ పటం పెట్టుకుంటాం. ఏప్రిల్ 14న దండ వేస్తాం. 1951లో ఆయన కేంద్రమంత్రి పదవి ఎందుకు వదిలారు? హిందూ కోడ్ బిల్లును ముందుకు పోనివ్వకపోవడం అందుకు ఒక ముఖ్య కారణం. ఆడవాళ్ళకు ఆస్తిలో హక్కు ఆ బిల్లులోని పెద్ద సంగతి. తర్వాత 1956లో హిందూ వారసత్వ చట్టం వచ్చింది. వీలునామా రాయకుండా భర్త చనిపోతే అతని ఆస్తిలో భార్యకు బిడ్డలతో సమానంగా వాటా ఉందని ఆ చట్టం చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. అప్పటికే పెళ్ళయిన మన నాయనమ్మలకు అది అందలేదు. దేశమంతటికీ 2005లో వచ్చింది. ఇన్ని చట్టాలు వచ్చినా ఆమె పేరు కాగితం మీదికి రాకపోవడానికి కారణం చట్టం కాదు, మన ఇల్లే. బాబాసాహెబ్ పదవి వదులుకున్నది దేనికోసమో దాన్ని మన ఇంట్లోనే మనం తొక్కిపెడుతుంటే ఆయనకు దండ వేసే అర్హత మనకు ఎక్కడిది?

ఆమెకంటూ చేతికి వచ్చే సొమ్ము పింఛను ఒక్కటే. 1995లో కేంద్రం వృద్ధాప్య పింఛను మొదలుపెట్టినప్పుడు అది నెలకు 75 రూపాయలు. తెలంగాణలో 2019లో 2,016 రూపాయలు అయింది. వేలిముద్ర మిషను ముందు ఆమె వేలు పెడితే గీతలు పడవు. బూడిదతో బోళ్ళు తోమీ, పేడ ఎత్తీ వేలిగీతలు అరిగిపోయాయి. ఏమీ పని లేదని మనం రాసిన మనిషి వేళ్ళు పనిచేసి పనిచేసి అరిగాయని మిషను చెబుతోంది. ఇక ఆ పింఛను డబ్బులు ఎక్కడికి పోతాయి? మన నోటుబుక్కులకు, మన బస్సు చార్జీలకు, చిన్నదాని మందులకు. కంటికి పొర వచ్చి రెండేళ్ళయినా "వచ్చే నెల చూద్దాం" అంటూనే ఉంటుంది.

మనం చేయవలసింది

మిత్రులారా! నాయనమ్మ గొప్పదని వేదిక మీద చెప్పి, చప్పట్లు కొట్టి దిగిపోతే సరిపోదు. మేము కొన్ని మాటలు అనుకున్నాం. మీ ముందు పెడుతున్నాం.

మొదటిది. హాస్టల్లో మన పళ్ళెం మనమే కడుక్కుంటాం. మన బట్టలు మనమే ఉతుక్కుంటాం. గది ఊడ్చే వంతు వస్తే ఊడుస్తాం. ఇక్కడ రాని నామోషీ ఇంటికి పోగానే ఎందుకు వస్తుంది? తిన్న పళ్ళెం అక్కడే వదిలి చేయి కడుక్కుని ఎందుకు లేస్తాం? ఇంట్లో కూడా మన పళ్ళెం మనమే కడగాలి. నీళ్ళ బిందె, కట్టెలమోపు మనం ఎత్తాలి. అక్కచెల్లెళ్ళు చేస్తారులే అనుకుంటే అది పని పంచుకోవడం కాదు, ఒక ఆడమనిషి నెత్తిన ఉన్నది ఇంకో ఆడమనిషి నెత్తిన పెట్టడం.

రెండోది. ఇంటికి పోయినప్పుడు పట్టా పాసుపుస్తకం తీసి ఎవరి పేరు ఉందో చదవాలి. చదువు వచ్చినవాళ్ళం మనమే కదా? విరాసత్ జరగవలసి ఉంటే నాయనమ్మ పేరు ఎందుకు ఉండకూడదని నాన్నను, చిన్నాయనను మర్యాదగా అడగాలి. ఆమె వేలిముద్ర వేసే ప్రతి కాగితాన్ని ముందు ఆమెకు చదివి వినిపించాలి.

మూడోది. ఆమె కళ్ళు చూపించాలి. సర్కారు దవాఖానలో శుక్లాలకు ఉచితంగా ఆపరేషన్ చేస్తారు. తోడు వెళ్ళే మనిషి లేక ఎంతోమంది ముసలివాళ్ళు ఆగిపోతున్నారు. సెలవుల్లో ఆ తోడు మనం కావాలి.

నాలుగోది. ఆమెకు తెలిసిన విత్తనం, మందు, పాట, కథ మన నోటుబుక్కుల్లోకి ఎక్కాలి. పైన ఆమె పేరు రాయాలి.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు మాలో కొందరం మొదటి పని మొదలుపెట్టాం. గేటు దగ్గర "మా ఊరామె" అన్న మా మిత్రుడు కూడా పొద్దున్నే లేచి బోళ్ళ ముందు కూర్చున్నాడట. నాయనమ్మ కోపానికి వచ్చింది. "మొగపిలగానివి, నీకెందుకురా గీ పని? నలుగురు సూస్తే నవ్వుతరు" అని చేతిలోని పీచు గుంజుకోబోయింది. వాడు ఇవ్వలేదు. కాసేపు నిలబడి చూసింది. తర్వాత గడప మీద కూర్చుంది. పొద్దున పూట నాయనమ్మ కూర్చోవడం తాను చూడటం అదే మొదటిసారి అని వాడు మాకు చెప్పాడు.

మళ్ళీ జూన్ వస్తుంది. మళ్ళీ ఫారం చేతికి వస్తుంది. ఈసారి మేము 'ఏమీ లేదు' అని రాయబోము. ఇంటి పని, వ్యవసాయం, పశువుల పెంపకం, విత్తనాల సంరక్షణ అని రాస్తాం. గడి చాలకపోతే పక్కన ఖాళీలో రాస్తాం. ఆఫీసులో ఎవరైనా "ఇదేంట్రా?" అని అడిగితే, నోటుబుక్కు తీసి ఆ ఒక్కరోజు లెక్క చూపిస్తాం. మీరు కూడా అలాగే రాయండి. అంతకంటే ముందు, ఆమె పేరు అడిగి తెలుసుకోండి.